ఫ్రీజ్ డ్రయ్యర్ శుభ్రత, 4వ పాఠం: లీక్ పరీక్ష తప్పితే గ్యాస్కెట్‌నే అనుమానించకండి

ఫ్రీజ్ డ్రయ్యర్ అంటే మందును గడ్డకట్టించి, వాక్యూమ్‌లో ఆరబెట్టే యంత్రం. గత పాఠంలో దాని ఛాంబర్‌ను విప్పకుండానే కడిగే సీఐపీ పూర్తి చేశాం. అతినీలలోహిత కాంతిలో మెరిసే రైబోఫ్లేవిన్ పూసి, కడిగాక అతినీలలోహిత దీపం కింద షెల్ఫుల అడుగు భాగాలు చూడటం, చివరి కడుగు నీటి వాహకత కొలవడం అక్కడే అయిపోయాయి. ఇక మిగిలినవి మూడు: ఆవిరి పట్టడం, ఆరబెట్టడం, లీక్ పరీక్ష. మొదటిదాన్ని త్వరగా దాటేద్దాం. పేచీ అంతా మిగతా రెంటి మధ్య ఉంటుంది.

సూక్ష్మజీవులను చంపేందుకు ఆవిరి పట్టడంలో, అంటే ఎస్ఐపీలో, గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒక్కటే: ఛాంబర్‌లో గాలి మిగలకూడదు. ఇంట్లో కుక్కర్ మూత పెట్టగానే విజిల్ పెట్టం. ఆవిరి ధారగా పైకి తన్నాకే పెడతాం. లోపలి గాలి ముందు బయటికి పోవాలి. ఇక్కడా అంతే. అందుకే చాలా యంత్రాల్లో ముందు వాక్యూమ్ లాగి, ఆవిరి వదిలి, మళ్లీ లాగుతారు. 121 డిగ్రీల సంతృప్త ఆవిరికి వాతావరణ పీడనం మీద సుమారు 1.05 బార్ ఉండాలి. గేజ్ ఆ పీడనం చూపిస్తూ డ్రెయిన్ దగ్గరి సెన్సర్ మాత్రం 117 దగ్గరే ఆగిపోతే, అక్కడ గాలి గానీ, దిగని నీరు గానీ ఉన్నట్టే. సాధారణంగా అందరికంటే ఆలస్యంగా వేడెక్కేది డ్రెయిన్ గొట్టమే. కాబట్టి సైకిల్ నడుస్తున్నప్పుడు మీ కన్ను షెల్ఫుల ఉష్ణోగ్రత మీద కాదు, డ్రెయిన్ ఉష్ణోగ్రత మీద ఉండాలి.

ఆవిరి పట్టాక ఛాంబర్ లోపల తడి ఉంటుంది. షెల్ఫుల అంచుల కింద, మూతలు నొక్కే స్టాపరింగ్ రాడ్ చుట్టూ ముడతల తొడుగులా ఉన్న బెలోస్ మడతల్లో, ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ తీగలు దూర్చే పోర్టుల మెడల్లో నీటి బొట్లు దాక్కుంటాయి. ఈ తడిని లాగేయడానికి చాలా చోట్ల లిక్విడ్ రింగ్ పంపు వాడతారు. ఈ పంపు లోపల తిరిగే నీరే దానికి సీలు. ఆ సీలు నీటి ఆవిరి పీడనం కంటే కిందికి అది ఎంత తిరిగినా లాగలేదు. 20 డిగ్రీల నీటికి ఆ పీడనం దాదాపు 23 మిల్లీబార్లు, 30 డిగ్రీలకు 42.

ఈ రెండు అంకెలు మన గోదావరి డెల్టాలో పనిచేసేవాళ్లకు చాలా ముఖ్యం. జనవరిలో చల్లగా ఉండే సీలు నీరు మే నెలలో గోరువెచ్చగా వస్తుంది. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కూలింగ్ టవర్ నీరు ఒక హద్దు దాటి చల్లబడదు. దానికి తోడు వేసవిలో ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు కట్టేస్తారు. ఊళ్లలో ముందే మంచినీటి చెరువులు నింపుకుంటారు. కాలువ నీటి మీద ఆధారపడ్డ ఫ్యాక్టరీ బోరు నీటికి మళ్లాల్సి వస్తుంది. నరసాపురం, రాజోలు వైపు సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ బోరు నీటిలో ఉప్పు సంగతి చెప్పనక్కరలేదు. ఇంజెక్షన్‌కు వాడే నీరు శుద్ధయి వస్తుంది కాబట్టి ఛాంబర్ లోపలికి ఆ ఉప్పు రాదు. కానీ చల్లబరిచే నీటిలో వస్తుంది. కాఠిన్యం ఎక్కువైతే హీట్ ఎక్స్‌ఛేంజర్ పలకల మీద పెచ్చు కట్టి సీలు నీరు ఇంకా వేడెక్కుతుంది. క్లోరైడ్ ఎక్కువైతే తుప్పును బాగా తట్టుకునే 316ఎల్ స్టీలుకు కూడా సన్నటి గుంటలు పడతాయి.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. పని ఎలా చేయాలో రాసి ఉండే ఎస్‌ఓపీలో "ఎస్ఐపీ తర్వాత ఇన్ని నిమిషాలు ఆరబెట్టాలి" అని ఒక అంకె ఉంటుంది. అదే అంకె జనవరిలోనూ, మేలోనూ. సమయం సమానమే గానీ ఆరడం సమానం కాదు. మేలో తడి మిగిలిపోతుంది. తర్వాత లీక్ పరీక్ష తప్పుతుంది. వెంటనే ఎవరో ఒకరు కొత్త గ్యాస్కెట్, అంటే తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ, తెప్పించమంటారు. గ్యాస్కెట్ మారుస్తారు, మళ్లీ ఎస్ఐపీ చేస్తారు, మళ్లీ తప్పుతుంది. నా లెక్కలో, వేసవిలో తప్పిన లీక్ పరీక్షకు మొదటి అనుమానం తేమ మీద పడాలి, రబ్బరు మీద కాదు.

అది తేల్చుకునే పద్ధతి నేర్చుకుందాం. పరీక్ష ఇలా జరుగుతుంది: నీటి ఆవిరిని మంచుగా పట్టే కండెన్సర్‌ను బాగా చల్లబరిచి, ఛాంబర్‌ను లోతైన వాక్యూమ్‌కు లాగి, పంపు వైపు వాల్వు మూసేస్తాం. కాసేపు కుదుటపడనిచ్చి, అక్కడి నుంచి పీడనం ఎంత పెరుగుతోందో చూస్తాం. పెరిగిన పీడనాన్ని ఛాంబర్, కండెన్సర్ మొత్తం ఘనపరిమాణంతో గుణించి, సెకన్లతో భాగిస్తే లీక్ రేటు వస్తుంది. పరిశ్రమలో ఎక్కువగా వాడే హద్దు సెకనుకు 0.02 మిల్లీబార్ లీటర్లు. మీ యంత్రానికి ఏ హద్దు రాసి ఉందో అదే మీకు చెల్లుతుంది.

ఒక ఉదాహరణ. మొత్తం ఘనపరిమాణం 6000 లీటర్లు. 30 నిమిషాల్లో, అంటే 1800 సెకన్లలో, పీడనం 0.020 నుంచి 0.032 మిల్లీబార్‌కు పెరిగింది. పెరుగుదల 0.012. దాన్ని 6000తో గుణించి 1800తో భాగిస్తే 0.04. హద్దుకు రెట్టింపు. పరీక్ష తప్పింది.

చాలామంది ఇక్కడ ఆగి రిజిస్టర్‌లో "ఫెయిల్" అని రాసేస్తారు. మీరు ఆగకండి. అదే అరగంటను మూడు పది నిమిషాలుగా విడగొట్టండి. మొదటి పదిలో 0.004, రెండో పదిలో 0.004, మూడో పదిలో 0.004 అయితే గీత వంగకుండా తిన్నగా పోతోంది. బయటి గాలి ఒకే వేగంతో లోపలికి వస్తోంది. ఇది నిజమైన లీక్. అలా కాక 0.008, తర్వాత 0.003, తర్వాత 0.001 అయితే గీత వంగి చదునవుతోంది. మొత్తం అదే 0.012. కానీ ఇది లోపలి తడి ఆవిరవుతూ, క్రమంగా తగ్గిపోవడం. బయటి గాలి అలా అలసిపోదు.

ఇంకో ఆధారం కూడా ఉంది. చాలా యంత్రాలకు రెండు రకాల వాక్యూమ్ గేజ్‌లు ఉంటాయి. కెపాసిటెన్స్ మానోమీటర్ ఏ వాయువున్నా అసలు పీడనాన్నే చూపిస్తుంది. పిరానీ గేజ్ మాత్రం నీటి ఆవిరి ఉంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, దాదాపు 1.6 రెట్లు. పీడనం పెరిగేటప్పుడు రెండూ కలిసి పెరిగితే గాలి. పిరానీ ముందుకు దూకుతుంటే తేమ. ఈ పోలికకు అదనపు పరికరం అక్కర్లేదు, రెండు గీతలు ఒకే కాగితం మీద వేస్తే చాలు. అయినా ఈ పని చేసేవాళ్లు తక్కువే.

తేమ అని తేలితే విరుగుడు ఛాంబర్‌ను ఎక్కువసేపు ఆరబెట్టడమే. షెల్ఫులను వేడి చేస్తూ లాగితే త్వరగా ఆరుతుంది. కానీ ఆపరేటర్ తన ఇష్టానికి నిమిషాలు పెంచకూడదు. సీలు నీటి ఉష్ణోగ్రత రికార్డు జతచేసి, మార్పులను ఆమోదించే ఛేంజ్ కంట్రోల్ పద్ధతి ద్వారా మార్పించాలి. ఆ రికార్డే లేకపోతే ఈ రోజే మొదలుపెట్టండి.

నిజమైన లీక్ అని తేలినప్పుడు ముందు ఛాంబర్‌కూ కండెన్సర్‌కూ మధ్య వాల్వు మూసి, పీడనం ఏ వైపు పెరుగుతోందో చూడండి. సగం వెతుకులాట అక్కడే తగ్గుతుంది. తర్వాత ఈ మధ్య ఎవరి చెయ్యి పడిందో ఆ చోట్లు: వాలిడేషన్ పరీక్షలకు విప్పిన పోర్టు, లోపలికి వచ్చే గాలిని వడగట్టే వెంట్ ఫిల్టర్ హౌసింగ్ క్లాంపు, డ్రెయిన్ వాల్వు. ఆ తర్వాతే తలుపు. తలుపు గ్యాస్కెట్‌ను చూసేటప్పుడు దూరం నుంచి టార్చి వేసి వదిలేయకండి. గ్లవ్ వేసిన వేలిని గ్యాస్కెట్ చుట్టూ మెల్లగా నడిపించండి. పగిలిన వయల్ (మందు సీసా) నుంచి వచ్చిన గాజు పొడి, తుడిచిన గుడ్డ నుంచి ఊడిన ఒక్క పోగు, మూల మలుపులో ఆవిరికి గట్టిపడి గోటి మందాన చీలిన సిలికాన్, ఇవి కంటికంటే వేలికి ముందు దొరుకుతాయి. స్క్రూడ్రైవర్‌తో గీకడం, గ్రీజు పూసి మభ్యపెట్టడం వద్దు.

ఒక జాగ్రత్త. వాక్యూమ్ విడిచేటప్పుడు ఛాంబర్‌ను నైట్రోజన్‌తో నింపే యంత్రాల్లో తలుపు తీసిన వెంటనే తల లోపల పెట్టకండి. ఆక్సిజన్ మీటరు 19.5 శాతానికి తక్కువ చూపిస్తే ఎవరూ లోపలికి వంగకూడదు. నైట్రోజన్‌కు వాసన ఉండదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు. మనిషి నేరుగా కూలిపోతాడు.

ఇంత గొడవ ఎందుకని అడిగేవాళ్లకు: మందును ఆరబెట్టే ప్రాథమిక దశలో వయల్స్ మూతలు సగమే దిగి ఉంటాయి, ఛాంబర్ పీడనం వాతావరణ పీడనంలో వెయ్యో వంతు కూడా ఉండదు. లీక్ ఉంటే మెషిన్ రూమ్ గాలి ఏ ఫిల్టరూ దాటకుండా ఆ మందులోకి పోతుంది. అందుకే 2022లో సవరించిన ఐరోపా మందుల తయారీ నియమావళి జీఎంపీ అనెక్స్ 1, అనుమతించే గాలి లీక్ హద్దును ముందే నిర్ణయించి ప్రతి సైకిల్ మొదట్లోనూ సరిచూడమంటోంది. వెంట్ ఫిల్టర్ పరీక్ష ఫలితాన్ని కూడా బ్యాచ్ విడుదల నిర్ణయంలో భాగం చేయమంటోంది. ఆ ఫిల్టర్ గురించి ఆరో పాఠంలో విడిగా చెప్పుకుందాం.

ఈ వారం అభ్యాసం. ఘనపరిమాణం 4500 లీటర్లు. 30 నిమిషాల్లో పీడనం 0.018 నుంచి 0.027 మిల్లీబార్‌కు చేరింది. పది నిమిషాల చొప్పున పెరుగుదల 0.006, 0.002, 0.001. లీక్ రేటు ఎంత? పరీక్ష నెగ్గిందా? మీరు ముందు ఏం చూస్తారు, ఎవరికి ఏమని రాస్తారు? జవాబు నాలుగు వాక్యాలు మించకుండా రాసి పెట్టుకోండి. అయిదో పాఠం వాక్యూమ్ పంపు నూనెతో మొదలవుతుంది. అంతకుముందే ఈ లెక్కను సరిచూద్దాం.