ఎ లెవెల్స్ చదివి యూనివర్సిటీలో సీటు తెచ్చుకోవడం ఎలా?

మా అక్క వాళ్ళు మస్కట్‌లో ఉంటారు, సెలవులకి వైజాగ్ వస్తే ఎంవీపీ కాలనీలో మా ఇంట్లోనే దిగుతారు. పెద్ద మేనకోడలికి బ్రిటన్ యూనివర్సిటీ నుంచి ఆఫర్ మెయిల్ వచ్చినప్పుడు మా అమ్మ ఫోన్ తీసుకుని "ఏటమ్మా ఇది, ఏబీబీ అని రాసుంది, పర్సంటేజీ ఏదీ?" అనడిగింది. ఇప్పుడు చిన్నదాని వంతు, అందుకే మొదట్నుంచీ చెప్తున్నా.

ఎ లెవెల్ అంటే బ్రిటన్ పద్ధతిలో మన ఇంటర్ లాంటిదే, 16 నుంచి 18 ఏళ్ళ మధ్య రెండేళ్ళ చదువు, కాకపోతే ఎంపీసీ, బైపీసీ అని కట్టగట్టి ఇవ్వరు, మామూలుగా మూడు సబ్జెక్టులు మనమే ఎంచుకోవాలి. గ్రేడ్లు ఏ స్టార్ (A*) నుంచి ఈ (E) దాకా.

మొదటి పని సబ్జెక్టులు తేల్చుకోవడం. అసలు కష్టమంతా ఇక్కడే. ముందు కోర్సు అనుకోండి, నచ్చిన యూనివర్సిటీల వెబ్‌సైట్లో ఆ కోర్సుకి ఏ సబ్జెక్టులు అడుగుతున్నారో చూడండి, ఆ తర్వాతే స్కూల్లో ఫారం నింపండి. ఇంజనీరింగ్‌కి మ్యాథ్స్ కావాలి, చాలాచోట్ల ఫిజిక్స్ కూడా. మెడిసిన్‌కైతే బ్రిటన్‌లో చాలా కాలేజీలు కెమిస్ట్రీ, బయాలజీ ఉంటే సరే అంటాయి, అది చూసి పిల్లలు మూడోది మ్యాథ్స్ తీసేసుకుంటారు, తీరా మన ఆంధ్రా మెడికల్ కాలేజీలో చేరదామంటే నీట్‌కి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ ఉండాలి, ఇంగ్లీషు కూడా. విదేశంలో డాక్టరు చదివి ఇక్కడికొచ్చి ప్రాక్టీస్ చేయాలన్నా నీట్ పాసవ్వాల్సిందే. అందుకే ఫిజిక్స్ వదలొద్దమ్మా అని చిన్నదానికి పదిసార్లు చెప్పాను!

తర్వాత పాయింట్లు. బ్రిటన్‌లో ఒక్కో గ్రేడుకి ఇన్ని పాయింట్లని లెక్క ఉంటుంది. ఏ స్టార్‌కి 56, ఏ కి 48, బీ కి 40, సీ కి 32. అంటే ఒక సబ్జెక్టులో ఏ, రెండింటిలో బీ వస్తే, అదే ఏబీబీ, 128 అన్నమాట. అయితే పెద్ద యూనివర్సిటీలు ఎక్కువగా పాయింట్లు కాదు గ్రేడ్లే అడుగుతాయి.

అప్లికేషన్ యూకాస్ అనే ఒకే వెబ్‌సైట్లో పెట్టాలి, ఐదు కోర్సుల దాకా ఎంచుకోవచ్చు, మెడిసిన్‌వి మాత్రం నాలుగే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, మెడిసిన్ వాళ్ళకి గడువు అక్టోబర్ 15, మిగతా చాలావాటికి జనవరి. అప్పటికి పరీక్షలు అయ్యుండవు కదా, అందుకని టీచర్లు వేసిన అంచనా గ్రేడ్లు చూసి "ఇవి తెచ్చుకుంటే సీటు నీదే" అని ఆఫర్ ఇస్తారు. ఆగస్టులో రిజల్ట్స్ వచ్చాక అవి తగ్గితే కంగారు పడొద్దు, కొన్నిసార్లు గ్రేడ్లు తగ్గినా తీసుకుంటారు, లేదంటే క్లియరింగ్‌లో మిగిలిన సీట్లు వెతుక్కోవచ్చు.

మనదేశంలో చేరాలనుకుంటే ఢిల్లీలోని ఏఐయూ (భారతీయ యూనివర్సిటీల సంఘం) నుంచి ఈక్వివలెన్స్ సర్టిఫికెట్, అంటే ఈ చదువు మన ఇంటర్‌తో సమానమని చెప్పే కాగితం, అడిగే కాలేజీలు ఉంటాయి, సీటు వచ్చేదాకా ఆగకుండా ముందే అప్లై చేసుకోండి.

ఇక్కడ ఇంటర్ చదివేసినవాళ్ళు మళ్ళీ ఎ లెవెల్స్ రాయాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు, చాలా బ్రిటన్ యూనివర్సిటీలు మన పన్నెండో తరగతి మార్కులు చూస్తాయి, ఏ బోర్డుకి ఎంత పర్సంటేజీ కావాలో వాళ్ళ ఇండియా పేజీలో ఉంటుంది.