సరిహద్దు అడవుల్లోకి వెళ్లే ముందు

మనుషుల అడుగు పడకపోవడం వల్లే బతికిన అడవులు కొన్ని దేశాల సరిహద్దుల్లో ఉన్నాయి. జర్మనీలోని బవేరియన్ ఫారెస్ట్, దాన్ని ఆనుకుని చెక్ వైపున్న షుమావా జాతీయ పార్కులు అలాంటివే. 1989 దాకా వాటి మధ్య ముళ్లకంచె, సైనికుల కాపలా ఉండేవి. కంచె తీసేసి ఇరవై ఏళ్లు దాటాక కూడా ఎర్ర దుప్పులు ఆ గీత దాకా వచ్చి వెనక్కి మళ్లుతున్నాయని పరిశోధకులు గమనించారు. కంచెను ఎన్నడూ చూడని దుప్పులవి. తల్లి వెంట తిరిగి నేర్చుకున్న దారులు. మీరు అడ్డదారిలో తొక్కే కొత్త బాట కూడా అలాగే వాటి బతుకులో మిగిలిపోవచ్చు.

చలికాలంలో వెళ్తుంటే కేపర్‌కైలీ గురించి తప్పకుండా తెలుసుకోండి. అదో పెద్ద అడవికోడి. మంచులో గుంట చేసుకుని ఒదిగి కూర్చుంటుంది, దేవదారు జాతి చెట్ల సూదుల్లాంటి ఆకులు తిని రోజులు గడుపుతుంది. ఆ తిండిలో సత్తువ తక్కువ. మీ అలికిడికి బెదిరి లేచిన ప్రతిసారీ దాచుకున్న బలం కరిగిపోతుంది. దానికోసమే ఈ రెండు పార్కులను కలిపే ఒక కాలిబాటను ఏటా జులై 15 నుంచి నవంబరు 15 వరకే తెరుస్తారు. మూసిన బాటలోకి పక్కనుంచి దూరకండి, మంచు మీద ముందువాళ్ల అడుగులు కనబడుతున్నా సరే.

పోలండ్–బెలారస్ మధ్యనున్న బియావోవియెజా అడవి సంగతి వేరు. 2022లో పోలండ్ అక్కడ అయిదున్నర మీటర్ల ఎత్తున ఇనుప కంచె కట్టింది. ఎంతవరకు వెళ్లనిస్తారన్నది మారుతుంటుంది కాబట్టి బయలుదేరే రోజున అధికారుల ఉత్తర్వులు చూసుకోండి. గుర్తింపు పత్రాలు జేబులోనే ఉండాలి. కఠిన రక్షణలో ఉన్న భాగంలోకి గైడ్ లేకుండా వెళ్లకూడదు. అడవిదున్న (బైసన్) మేత ఆపి తలెత్తి మిమ్మల్నే చూస్తోందంటే మీరు అప్పటికే మరీ దగ్గరికి వెళ్లినట్టు. మెల్లగా వెనక్కి రండి.

పర్యాటకులే వద్దనే వాదన నాకు నచ్చదు. పక్క ఊళ్లకు రాబడి లేకపోతే అడవి తరఫున మాట్లాడేవాళ్లు మిగలరు. అందుకే బస, గైడ్ ఆ ఊళ్లవాళ్ల దగ్గరే చూసుకోండి.

తినగా మిగిలిన సాసేజ్ (పందిమాంసంతో చేసేది) ముక్క కూడా అడవిలో పారేయొద్దు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మనకు సోకదు గానీ అడవిపందులను చంపేస్తుంది. ఆ వైరస్ మాంసంలోనూ, బూట్ల మట్టిలోనూ దేశాలు దాటుతుంది. కారెక్కే ముందు బూట్ల అడుగులు బ్రష్‌తో రుద్దండి. వేసవిలో వెళ్లేవాళ్లయితే మోకాళ్ల వెనక, చంకల్లో పిడుదులు పట్టాయేమో అదే పూట చూసుకోండి.