వాట్సాప్‌లో గ్రూపు కనిపించడం లేదా? యాప్ తీసేసే ముందు ఇవి చూడండి

వాట్సాప్‌లో ఏ బటను చోటు మారినా చాలామంది మొదట చేసే పని యాప్‌ను తీసేసి మళ్లీ ఎక్కించడం. ఎన్నిసార్లు చెప్పినా ఇదే వరస. బ్యాకప్ లేకుండా తీసేస్తే పాత సంభాషణలు, ఫొటోలు, బేరాల లెక్కలు అన్నీ పోతాయి. ముందు సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్ తెరిచి చివరి బ్యాకప్ తేదీ చూడండి. మిగతా మాటలు ఆ తర్వాత.

"బటన్లన్నీ కిందికి దిగిపోయాయి"

ఫోను చెడిపోలేదు. ఆండ్రాయిడ్‌లో చాట్స్, అప్‌డేట్స్, కమ్యూనిటీస్, కాల్స్ వరస 2024లో పైనుంచి కిందికి వచ్చింది. స్టేటస్‌లు 2023 నుంచి ఛానెళ్లతో కలిసి అప్‌డేట్స్‌లో ఉంటున్నాయి. మార్పులు అందరికీ ఒకేరోజు రావు కాబట్టి మీ తమ్ముడి ఫోనులో ఇంకోలా కనిపించవచ్చు. పాత రూపానికి మార్చుకునే సెట్టింగ్ లేదు. నీలం, ఊదా రంగుల గుండ్రటి చక్రం మెటా ఏఐది, అంటే అడిగినవాటికి జవాబిచ్చే యంత్రానిది. దాని మానాన దాన్ని వదిలేయండి.

"గ్రూపు మాయమైంది, మెసేజీలు రావడం లేదు"

అసలు తలనొప్పి ఇదే. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల రైతులు కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) ధరల కోసం గ్రూపే చూస్తారు. ఒకరోజు జాబితాలో గ్రూపు ఉండదు, ఫోను మోగదు. "అడ్మిన్ నన్ను తీసేశాడు" అని తగాదాకు దిగుతారు. టంగుటూరు పొగాకు వేలం కబుర్ల కోసం చూసేవాళ్లదీ ఇదే గోల. అయ్యా, అడ్మిన్ తీసేసినా గ్రూపు పేరు మీ జాబితాలోనే ఉంటుంది. కొత్తవి రావు, మీరు పంపలేరు, అంతే. పేరే కనిపించలేదంటే అడ్మిన్‌ను తిట్టే ముందు పైన వెతికే గడిలో గ్రూపు పేరు కొట్టండి. అర నిమిషం పని. ఎవరూ చేయరు.

పేరు దొరికి, పక్కన 'ఆర్కైవ్డ్' (జాబితాలోంచి తీసి పక్కన దాచినది) అని ఉంటే దొంగ దొరికినట్టే. చాట్‌ను నొక్కి పట్టుకుంటే పైన కొన్ని గుర్తులు వస్తాయి: గుండుసూది, చెత్తబుట్ట, కొట్టేసిన గంట, కింది బాణమున్న పెట్టె. మోత ఆపుదామని గంట కోసం వెళ్లిన వేలు పెట్టె మీద పడుతుంది. చెత్తబుట్ట అయితే "తీసేయమంటారా?" అని అడుగుతుంది, పెట్టె అడగదు, చాట్‌ను లోపలికి తోసేస్తుంది. కింద ఒక చిన్న పట్టీ మెరిసి పోతుంది, అది చూసేదెవరు? ఐఫోనులోనైతే చాట్‌ను ఎడమకు గట్టిగా లాగినా చాలు.

మునుపు కొత్త మెసేజీ వస్తే చాట్ దానంతటదే బయటికి వచ్చేది. 2021 నుంచి రావడం లేదు, లోపలే ఉండిపోతుంది. ఎవరైనా మీ పేరు ప్రస్తావించినా, మీ మెసేజీకి బదులిచ్చినా తప్ప చప్పుడు కూడా ఉండదు. అందుకే వారాల తరబడి తెలియదు.

చాట్స్ జాబితా పైన 'ఆర్కైవ్డ్' వరస తెరవండి. ఐఫోనులో జాబితాను కిందికి లాగితే కనిపిస్తుంది. పక్కనున్న అంకె మెసేజీల లెక్క కాదు, చదవాల్సినవి ఉన్న చాట్ల లెక్క. గ్రూపును నొక్కి పట్టుకుని, ఈసారి పై బాణమున్న పెట్టె నొక్కండి. వరస పైన లేకపోతే జాబితా అడుగున ఉంటుంది. సెట్టింగ్స్‌లో 'కీప్ చాట్స్ ఆర్కైవ్డ్' ఆపేసి ఉందని అర్థం. బయటికి తీశాక గుండుసూదితో పైన గుచ్చేయండి.

"చాట్లు సగమే ఉన్నాయి"

జాబితా పైన 'అన్‌రెడ్' లేదా 'గ్రూప్స్' వెలుగుతోంది. 'ఆల్' నొక్కండి.

మిగతావి

అక్షరాలు పెద్దవై బటన్లు ఇరుక్కుంటే ఫోను సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు తగ్గించండి. చాట్‌కు తాళం పడి ఉంటే జాబితాను కిందికి లాగి, 'లాక్డ్ చాట్స్' తెరిచి వేలిముద్ర వేయండి. రహస్య సంకేతం పెట్టి ఉంటే ఆ వరస కూడా కనిపించదు. వెతికే గడిలో సంకేతం కొట్టాలి. పాత రూపం తెస్తామంటూ లింకుల్లో వచ్చే ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ ఎక్కించే ఫైళ్లు) మాత్రం ఎక్కించవద్దు, వాట్సాప్‌వాళ్లు ఖాతానే ఆపేయవచ్చు.