ఆ హైవే వద్దు అనిపిస్తుందా? వదిలేసే ముందు ఇవి చూసుకోండి

నేను ఒక హైవేని దాదాపు రెండేళ్లు ఎక్కలేదు. పెద్ద యాక్సిడెంట్ ఏం కాలేదు, ఒక రాత్రి వానలో రెండు లారీల మధ్య ఇరుక్కున్నా, ముందు లారీ టైర్ల నుంచి లేచిన నీళ్లు అద్దం మీద కుమ్మరిస్తుంటే వైపర్ ఎంత స్పీడులో పెట్టినా ఓ మూడు నాలుగు సెకన్లు ఏమీ కనపళ్లేదు, ఒక పక్క డివైడర్, వెనక ఇంకో లారీ హారన్. అంతే జరిగింది. ఆ తర్వాత అటు వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా పక్కనుండే పాత రోడ్డు పట్టుకునేవాణ్ణి, ఎవరైనా ఎందుకని అడిగితే "టోల్ మిగుల్తుంది కదా" అనేవాణ్ణి. కారణం టోల్ కాదని నాకూ తెలుసు. ఆలస్యంగా తెలిసిందేంటంటే నేను భయపడి వదిలేసిన రోడ్డు కంటే, సేఫ్ అనుకుని పట్టుకున్న రోడ్డే ఎక్కువ డేంజర్.

హైవే వదిలేయడం తప్పని చెప్పట్లేదు, చాలాసార్లు అదే సరైన పని. కాకపోతే మొత్తం రోడ్డుని వదిలేస్తాం, మనకి పడనిదేమో అందులో ఒక ముక్క, ఒక టైము. ఆ తేడా ఎలా పట్టుకోవాలో చెప్తా.

ముందు మీ కారణమేంటో తేల్చుకోండి

"ఆ రోడ్డు బాగోదు" అని అందరూ అంటారు, గుచ్చి గుచ్చి అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో గొడవ. ఒకరికి టోల్, ఒకరికి రోజూ ఒకే చోట పడే జామ్, ఒకరికి లారీలు, ఇంకొకరికి ర్యాంప్ (హైవే ఎక్కే పక్క దారి) మీంచి వచ్చి, పరిగెత్తే బండ్ల మధ్యలో దూరడమంటే చేతులు చెమటలు పట్టేస్తాయి. పొడుగు వంతెనలు, సొరంగాలు పడనివాళ్లున్నారు. ఎగ్జిట్ ఒకటి మిస్సయితే మళ్లీ ఎక్కడికో వెళ్లి తిరిగి రావాలనే చిరాకుతో మానేసినవాళ్లున్నారు. ఎలక్ట్రిక్ బండి కొన్నాక హైవే స్పీడులో చార్జ్ కళ్ల ముందే కరిగిపోతుంటే చూళ్లేక మానేసినవాళ్లూ ఉన్నారు. వీటన్నిటికీ ఒకే మందు పనిచేయదు కదా.

కాబట్టి మూడు ముక్కలు రాసుకోండి: ఏ ఎగ్జిట్ నుంచి ఏ ఎగ్జిట్ దాకా ఇబ్బంది, ఏ టైములో, ఎలాంటి వాతావరణంలో. నేను రాసుకుంటే తేలిందేంటంటే 90 కిలోమీటర్లలో నన్ను భయపెట్టేది మహా అయితే 14 కిలోమీటర్లు, అది కూడా చీకట్లో వాన పడితేనే. మిగతాదంతా ఊరికే వదిలేసుకున్నా.

జామ్ వల్ల అయితే

ముందు ఎక్కడో యాక్సిడెంట్ అయ్యుంటుందిలే అనుకుని గంట నిలబడి, తీరా అక్కడికి చేరాక చూస్తే ఏమీ ఉండదు, ఇది అందరికీ అనుభవమే. జపాన్‌లో పరిశోధకులు దీన్ని చేసి చూపించారు, 230 మీటర్ల గుండ్రటి ట్రాక్ మీద 22 కార్లు పెట్టి అందరూ ఒకే స్పీడులో, గంటకి 30 కిలోమీటర్ల దగ్గర, వెళ్లమన్నారు, అడ్డం ఏమీ లేదు, సిగ్నల్ లేదు, అయినా కాసేపటికి జామ్ దానంతటదే పుట్టి వెనక్కి పాకడం మొదలైంది. 2008లో అచ్చయింది ఆ పేపరు. ఒకరు కొంచెం బ్రేక్ తొక్కితే వెనకాయన ఇంకొంచెం ఎక్కువ తొక్కుతాడు, ఆ వెనకాయన ఇంకా ఎక్కువ, చివరికి ఎవరో ఒకాయన పూర్తిగా ఆగిపోతాడు. అంటే రోడ్డు నిండా బండ్లుంటే చాలు, వేరే కారణం అక్కర్లేదు. అందుకే ఇక్కడ రోడ్డు మార్చడం కంటే టైము మార్చడమే బాగా పనిచేస్తుంది, ముప్పావుగంట ముందు బయల్దేరితే అదే రోడ్డు వేరే రోడ్డులా ఉంటుంది. మ్యాప్ యాప్‌లో బయల్దేరే టైమ్ మార్చి చూసే ఆప్షన్ ఉంటుంది, ముందురోజు రాత్రే రెండు మూడు టైములు పెట్టి చూడండి, తేడా ఎక్కడ ఎక్కువుందో ఇట్టే తెలిసిపోతుంది.

పక్క దారి గురించి ఇంకో సంగతి. వార్డ్రాప్ అని ఒక ఇంగ్లిష్ ఆయన 1952లోనే చెప్పాడు, ఎవరికి వారు తమకి తొందరగా అయ్యే దారి ఎంచుకుంటూ పోతే చివరికి వాడకంలో ఉన్న దారులన్నిటికీ ఒకే టైము పడుతుందని. మీకు తెలిసిన అడ్డదారి ఇప్పుడు ఫోనున్న ప్రతివాడికీ తెలుసు, ఇంక అందులో లాభమేం మిగుల్తుంది? అమెరికాలో న్యూజెర్సీలో లియోనియా అనే చిన్న టౌన్ ఉంది, జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జికి వెళ్లే జామ్ తప్పించుకోడానికి యాప్‌లు జనాన్నంతా ఆ ఊరి వీధుల్లోకి తోలేస్తుంటే 2018 జనవరిలో రద్దీ గంటల్లో బయటివాళ్లు రాకుండా ఓ 60 వీధులు మూసేశారు. ఇళ్ల ముందు పిల్లలు ఆడుకునే వీధిలోంచి మూడు నిమిషాలు మిగులుతుందని దూరిపోవడం నాకైతే నచ్చదు, మీ ఇష్టం మరి. యాప్ చూపించే లాభం పది నిమిషాలకంటే తక్కువైతే నేను హైవేలోనే ఉంటా.

పట్టుకునే దారిని కూడా అంతే గట్టిగా చూడండి

అసలు పొరపాటంతా ఇక్కడే జరుగుతుంది. హైవేలో ఏం బాగోలేదో లెక్క పెడతాం గానీ దాని బదులు పట్టుకునే రోడ్డుని ఎవరూ లెక్కపెట్టరు. యూరోపియన్ యూనియన్‌లో 2021లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లలో దాదాపు 9 శాతమే మోటార్‌వేల (అక్కడి డివైడరున్న పెద్ద హైవేల) మీద పోయింది, 52 శాతం దాకా ఊళ్ల బయట ఉండే మామూలు రోడ్ల మీద. మోటార్‌వేల మీద తిరిగే బండ్లు తక్కువేం కాదు. మరి తేడా ఎక్కడంటే, అక్కడ ఎదురుగా బండి రాదు, అడ్డంగా ఎవరూ రారు, మధ్యలో డివైడర్ ఉంటుంది. స్పీడు ఎక్కువే కానీ అందరూ ఒకే వైపు పోతుంటారు.

డివైడర్ లేని రోడ్డు మీద ఒక్క ఓవర్‌టేక్ లెక్కేయండి. ముందు లారీ 60లో పోతోంది, మీరు 80లో దాటాలి. వెనక కొంత గ్యాప్, లారీ పొడుగు, ముందు మళ్లీ గ్యాప్, అన్నీ కలిపి లారీ కంటే ఓ 60 మీటర్లు ఎక్కువ వెళ్లాలి. దానికి 11 సెకన్లు పడుతుంది, ఆ 11 సెకన్లలో మీరు 240 మీటర్లు వెళ్తారు, ఎదురుగా 80లో వచ్చేవాడు ఇంకో 240 వస్తాడు. అంటే దగ్గర దగ్గర అర కిలోమీటరు ఖాళీగా కనపడాలి. మలుపులున్న రోడ్డు మీద అర కిలోమీటరు ఎక్కడ కనపడుతుంది చెప్పండి? నేను ఆ పాత రోడ్డు మీద ఒక ట్రిప్పులో తొమ్మిది సార్లు ఇలా దాటేవాణ్ణి, హైవే మీద వానకి భయపడినవాణ్ణే.

ఇలా భయపడి ఇంకా పెద్ద డేంజర్‌లోకి వెళ్లడం నా ఒక్కడికే కాదులెండి. 2001 సెప్టెంబర్ 11 తర్వాత అమెరికాలో చాలామంది విమానాలు మానేసి కార్లెక్కారు, దానివల్ల తర్వాతి ఏడాదిలో రోడ్ల మీద సుమారు 1,500 మంది అదనంగా చనిపోయారని గెర్డ్ గిగరెంజర్ అనే జర్మన్ సైకాలజిస్ట్ లెక్కగట్టాడు.

కాబట్టి కొత్త దారిని ఒకసారి పగలు, ఖాళీ టైములో వెళ్లి చూసి రండి. ఓవర్‌టేక్‌లు ఎన్ని చేయాల్సొచ్చింది, ఊళ్లు ఎన్ని, స్కూళ్లు ఎన్ని, పశువులు అడ్డొచ్చే చోటు ఏది, ఫోన్ సిగ్నల్ లేని చోటు ఎంత దూరం. రాత్రి వెళ్లే పనుంటే ఇంకో లెక్క: గంటకి 100లో ఉన్న కారు ఆగడానికి పొడి రోడ్డు మీద కూడా దగ్గర దగ్గర 100 మీటర్లు పడుతుంది, ఒకటిన్నర సెకను మనం తేరుకునేసరికే 40 మీటర్లు అయిపోతాయి. డిమ్ లైటులో అంత దూరం కనపడదు. ఎదురు లైట్ల కోసం ప్రతి నిమిషం డిమ్ కొట్టాల్సిన రోడ్డు మీద 70 కూడా ఎక్కువే.

నిజంగా వదిలేయాల్సిన రోడ్లు కూడా ఉన్నాయి, కొండ అంచున ఒకటే లేనుండి ఇటు తిప్పితే లోయ అనే రకం. బొలీవియాలో యుంగాస్ రోడ్డుని డెత్ రోడ్ అనేవారు, 2006కల్లా కొత్త రోడ్డు రెడీ అయ్యాక బండ్లన్నీ అటు మళ్లాయి, ఇప్పుడు పాతదాని మీద ఎక్కువగా సైకిళ్ల మీద దిగే టూరిస్టులే. అది భయం కాదు, తెలివి.

టోల్, లారీలు

ఈ రెండూ కలిపి ఎందుకు చెప్తున్నానంటే ఒకదానికి ఇంకోటి ముడిపడి ఉంటుంది. బ్రిటన్‌లో ఎం6 మోటార్‌వే రద్దీ తగ్గించడానికి 2003 డిసెంబర్‌లో పక్కనే ఎం6 టోల్ అనే డబ్బు కట్టి వెళ్లే రోడ్డు తెరిచారు, చాలా లారీలు టోల్ ఎందుకు కట్టాలని పాత రోడ్డు మీదే ఉండిపోయాయి. అంటే మీరు టోల్ తప్పించుకుని పోయే రోడ్డు మీదే టోల్ తప్పించుకునే లారీలు కూడా ఉంటాయి. లారీలంటే భయమున్నవాళ్లు డబ్బు కట్టి టోల్ రోడ్డు ఎక్కడమే నయం చాలాచోట్ల.

లారీ పక్కన ఒక్కటే గుర్తు: దాని అద్దంలో డ్రైవర్ మొహం మీకు కనపడట్లేదంటే మీరు ఆయనకి కనపడట్లేదు. పక్కపక్కన నడపొద్దు, దాటేయండి లేదా వెనక్కి తగ్గండి. వానలో అయితే ముందు బండి దాటిన చోటికి మీరు చేరడానికి రెండు సెకన్ల గ్యాప్ కాదు, నాలుగు సెకన్లు ఇవ్వండి, ఆ నీళ్ల తెర బాగా తగ్గుతుంది. నాకీ సంగతి ఆ రాత్రి తెలిసుంటే రెండేళ్లు పోయేవి కాదు.

టోల్ లెక్క అయితే ఆగి ఆగి పోయే రోడ్డు మీద తగలబడే పెట్రోలు, ఎక్కువయ్యే గంట కూడా కలిపి వేయండి. స్పీడు సంగతి కూడా ఉంది, గాలి అడ్డం స్పీడుకి వర్గంలో పెరుగుతుంది, 100 నుంచి 120కి వెళ్తే 44 శాతం ఎక్కువ. 50 కిలోమీటర్ల దూరానికి మిగిలేది ఐదు నిమిషాలు. చార్జ్ కరిగిపోతోందని హైవే మానేసిన ఎలక్ట్రిక్ బండివాళ్లు రోడ్డు కాదు, ముందు స్పీడు తగ్గించి చూడండి.

పొగమంచు, నిద్ర

పొగమంచుకి పక్క దారి లేదు, ఆగిపోవడమే. 1990 డిసెంబర్ 11న అమెరికాలో టెనెసీలో ఐ-75 అనే హైవే మీద ఒక్కసారిగా కమ్మిన మంచులో 99 బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకుని 12 మంది పోయారు. దట్టంగా కనపడితే ముందొచ్చే ఎగ్జిట్‌లో దిగిపోండి, లేన్‌లో మాత్రం ఆపొద్దు.

తిన్నగా ఉండే బోరు రోడ్డు మీద కళ్లు తెరిచే ఉంటాయి గానీ గత పది కిలోమీటర్లు ఎలా వచ్చామో గుర్తుండదు. 100లో నాలుగు సెకన్ల కునుకంటే 110 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టు. తెల్లవారుజామున 2 నుంచి 6, మధ్యాహ్నం భోజనం తర్వాత, ఈ రెండు టైములూ పెద్ద గండం. బండి సేఫ్ చోట ఆపి, ఒక కాఫీ తాగి వెంటనే 15-20 నిమిషాలు పడుకోండి, లేచేసరికి కాఫీ పని మొదలెడుతుంది. పాటలు పెంచడం, అద్దం దించడం కాసేపే.

ఉత్త భయమే అయితే

సిగ్గుపడాల్సిందేం లేదు, అమెరికాలో మిషిగన్‌లో దాదాపు 8 కిలోమీటర్ల మాకినాక్ వంతెన మీద నడపలేనివాళ్ల కారుని వంతెన సిబ్బందే అవతలికి నడిపిపెడతారు, అంత మామూలు విషయమిది. కానీ తప్పించుకునే కొద్దీ భయం పెరుగుతుంది. ఆదివారం పొద్దున్నే ఎక్కండి, ఒక ఎగ్జిట్‌లో ఎక్కి తర్వాతి ఎగ్జిట్‌లో దిగిపోండి, చాలు ఆరోజుకి. మరుసటివారం రెండు ఎగ్జిట్‌లు. పక్కన గట్టిగా అరవని మనిషిని కూర్చోబెట్టుకోండి, ఇది చాలా ముఖ్యం. చాలామంది భయపడేది లేన్‌లో కలిసేచోటే, అక్కడ చేసే తప్పు ర్యాంప్ చివరిదాకా మెల్లగా వచ్చి ఆగిపోవడం. ర్యాంప్ ఉన్నదే స్పీడు అందుకోడానికి, ముందే సిగ్నల్ వేసి అద్దంలో ఒక గ్యాప్ ఎంచుకుని పక్క లేన్ స్పీడుకి వచ్చేయండి, దూరడం తేలికవుతుంది. తలతిరగడం, ఊపిరాడనట్టు అవడం దాకా వస్తే మాత్రం ఒంటరిగా ప్రాక్టీస్ వద్దు, డాక్టర్ని కలవండి.

నేను ఇప్పుడు ఆ హైవే మీదే వెళ్తున్నా. రాత్రి వాన పడితే ఆ 14 కిలోమీటర్లకి ముందున్న పెట్రోల్ బంకులో ఆగి వాన తగ్గేదాకా కూర్చుంటా, ఎక్కువసార్లు అరగంట కూడా పట్టదు. ఆ, ఇంకోటి, యాప్‌లో "హైవేలు వద్దు" అని ఎప్పుడో పెట్టి మర్చిపోయుంటారు, ఒకసారి సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూసుకోండి, నాది రెండేళ్లూ ఆన్‌లోనే ఉంది, వేరే ఊళ్లకి కూడా ఎందుకంత చుట్టూ తిప్పుతోందా అని యాప్‌ని తిట్టుకునేవాణ్ణి.