అడ్వెంచరస్ జర్నీకి పిల్లల్ని పంపే ముందు

దసరా సెలవులు అవగానే డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డు నడిపే స్కూళ్లలో అడ్వెంచరస్ జర్నీ మాట మొదలవుతుంది. మన దేశంలో దీన్నే ఇంటర్నేషనల్ అవార్డ్ ఫర్ యంగ్ పీపుల్ అంటారు. 1956లో బ్రిటన్‌లో పుట్టిన పథకం ఇది. 14 నుంచి 24 ఏళ్ల వయసు వాళ్లు బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అంటూ ఒక్కో మెట్టూ ఎక్కుతారు. సేవ, ఏదో ఒక నైపుణ్యం, ఏదైనా ఆట లేదా వ్యాయామం వారానికి గంట చొప్పున నెలల తరబడి సాగుతాయి. వాటికి తోడు ఈ ప్రయాణం. బ్రాంజ్‌కి రెండు పగళ్లు ఒక రాత్రి, సిల్వర్‌కి మూడు పగళ్లు రెండు రాత్రులు, గోల్డ్‌కి నాలుగు పగళ్లు మూడు రాత్రులు. నలుగురి నుంచి ఏడుగురు ఒక జట్టు. దారి వాళ్లే వెతుక్కోవాలి, వంట వాళ్లే చేసుకోవాలి, బ్యాగు వాళ్లే మోసుకోవాలి. టీచరు పక్కన నడవరు, కాస్త దూరం నుంచి కనిపెట్టుకుని ఉంటారు.

బ్యాగు సర్దడం కన్నా ముందు పిల్లలకు ఒక మాట గట్టిగా చెప్పండి. ఈ అవార్డులో పోటీ లేదు, ఫస్టూ సెకండూ లేవు. జ్వరమొచ్చో వానొచ్చో సగంలో వెనక్కి వచ్చేస్తే అవార్డు పోదు. ఆ ప్రయాణాన్ని మరోసారి చేయొచ్చు, 25వ పుట్టినరోజు వరకు టైముంది. ఇది తెలియని పిల్లలే కాలు బెణికినా చెప్పరు, ఆయాసం వస్తున్నా నవ్వుతూ నడుస్తారు. ‘నా వల్ల అందరిదీ ఆగిపోతుందేమో’ అన్న టెన్షన్ వాళ్లది. ఇంట్లో ‘ఇంత ఫీజు కట్టాం, సర్టిఫికెట్ తెచ్చుకో’ అన్న మాట పడితే ఆ భయం ఇంకా పెరుగుతుంది. దయచేసి ఆ మాట అనకండి. ‘బాగోకపోతే వెంటనే చెప్పు నాన్నా, మేమేమీ అనుకోం’ అని బయల్దేరే ముందురోజు అమ్మో నాన్నో నోటితో చెప్పాలి.

ఇక కాలం సంగతి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మన కొండల్లో నడకకు మంచి కాలమే. కానీ అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్లవి కూడా. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ మీద పడింది, అది చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం నుంచి అల్పపీడనం వార్త వస్తే ప్రయాణం వాయిదా వేయడమే మంచిది. ‘అది ఒడిశా వైపు పోతుందిలే’ అన్న లెక్క పిల్లల విషయంలో పనికిరాదు. తుపాను ఎటు పోయినా అనంతగిరి, అరకు కొండల మీద వాన కురిస్తే గెడ్డలు, అంటే కొండవాగులు, పొంగుతాయి. మీరున్న చోట ఎండ కాస్తున్నా పైన కొండమీద వాన పడి ఉండొచ్చు. తేటగా ఉన్న నీళ్లు ఎర్రబడ్డా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా గెడ్డలోంచి వెంటనే గట్టుకు చేరాలి. మోకాలు దాటిన నీళ్లలోకి దిగొద్దు. ఆగి ఎదురుచూడండి, లేదంటే వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. గెడ్డ పక్కన ఇసుకలో టెంటు వేయకండి, చోటు ఎంత చదునుగా ఉన్నా సరే. జలపాతం దగ్గర పాకుడు రాళ్ల మీద సెల్ఫీలు అసలే వద్దు.

చలిని మన పిల్లలు తక్కువ అంచనా వేస్తారు. సముద్రం ఒడ్డున పెరిగినవాళ్లకు స్వెట్టర్ అవసరమే అంతంత మాత్రం. లంబసింగి, చింతపల్లి వైపు డిసెంబరు, జనవరిలో కొన్ని రాత్రులు ఐదు డిగ్రీల కిందికి పడిపోతుంది. చెమటతో తడిసిన కాటన్ బనీనుతో పడుకుంటే తెల్లారేసరికి వణుకు పట్టుకుంటుంది. రాత్రికి ఒక పొడి జత బట్టలు, సాక్సులు, చెవులు కప్పే టోపీ పాలిథిన్ కవర్లో కట్టి బ్యాగు అడుగున పెట్టాలి. పగలు ఎంత చలేసినా ఆ కవరు విప్పకూడదు.

బూట్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. ప్రయాణం కోసమని ముందురోజు కొత్త బూట్లు కొనివ్వకండి. కనీసం మూడు వారాల ముందు కొని రోజూ తొడిగించండి. నడకలో మడమ దగ్గర కాస్త మంట అనిపించగానే ఆగాలి. బూటు విప్పి, సాక్సు తీసి, చెమట శుభ్రంగా తుడిచి, ఎర్రబడిన చోట మెడికల్ టేపు ముడత లేకుండా అంటించాలి. సాక్సు కూడా కుట్టు ఒరుసుకోకుండా సర్ది తొడగాలి. ఐదు నిమిషాల పని. ‘క్యాంపుకెళ్లాక చూద్దాం’ అనుకుంటే సాయంత్రానికి రూపాయి బిళ్లంత బొబ్బ లేస్తుంది, మర్నాడు ఆ పిల్లాడు కుంటుతూనే నడవాలి. కొండ దిగేటప్పుడు బొటనవేళ్లు బూటు ముందుభాగానికి కొట్టుకుంటాయి, కాబట్టి గోళ్లు రెండ్రోజుల ముందే కత్తిరించుకోవాలి.

బ్యాగు బరువు పిల్లల బరువులో అయిదో వంతు దాటకుండా చూడండి. 45 కిలోల అమ్మాయికి 9 కిలోలు, అందులోనే నీళ్లూ టెంటులో తన వాటా. నిండు బ్యాగుతో ఒక ఆదివారం పొద్దున్నే సింహాచలం మెట్లు ఎక్కించి దింపండి. వెయ్యికి పైగా ఉన్న ఆ మెట్ల మీద ఏ పట్టీ భుజాన్ని కోస్తోందో, ఏ సామాను అనవసరమో తెలిసిపోతుంది. కొందరు పిల్లలు ‘గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచాం, ఇదెంత’ అంటారు. వాళ్ల ఉత్సాహం మంచిదే. కానీ ప్రదక్షిణలో కాళ్ల కింద తారు రోడ్డు, అడుగడుగునా మజ్జిగ, పులిహోర, వేలమంది తోడు. కొండదారిలో మీ సీసాలో ఉన్నవే నీళ్లు. ఒక్కొక్కరికీ రెండు లీటర్లు, జట్టుకి నాలుగైదు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉండాలి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లలో కలపమని రాసి ఉంటే అన్నిట్లోనే కలపాలి, చిక్కగా చేస్తే మేలు కాదు. ఊట నీళ్లు ఎంత తేటగా కనిపించినా కాచి గానీ క్లోరిన్ బిళ్ల వేసి గానీ తాగాలి.

డిసెంబరులో మనకు అయిదున్నరకే పొద్దు గుంకుతుంది, లోయల్లో ఇంకా ముందే చీకటి. మూడున్నరకల్లా నడక ఆపి టెంటు వేసుకోవాలి. స్టవ్ బయటే వెలిగించాలి. చలిగా ఉందని టెంటులోకి తెస్తే నిప్పు ఒక ప్రమాదం, లోపల నిండే విషవాయువు అంతకన్నా పెద్దది. చీకటి పడ్డాక టార్చ్ లేకుండా, చెప్పుల్లేకుండా అడుగు బయటపెట్టొద్దు. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోవాలి. పాము కాటేస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించడం ఏవీ చేయకూడదు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా కర్ర ఆసరాతో కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికి చేర్చాలి. 108కి ఫోన్ చేయండి. మంత్రాల కోసం పోయే ప్రతి నిమిషమూ ప్రాణం మీదికి తెస్తుంది. ఘాట్ దాటాక చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, కాబట్టి సిగ్నల్ దొరికే చోట్లు, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, రోడ్డు కలిసే చోట్లు ముందే మ్యాపు మీద రాసుకోవాలి. ఆ మ్యాపు కాపీ ఒకటి స్కూల్లో ఉండాలి.

ఆస్తమా ఉన్నవాళ్ల ఇన్‌హేలరు బ్యాగు అడుగున కాదు, జేబులో ఉండాలి. అది ఎక్కడుందో జట్టులో ఇంకొకరికైనా తెలియాలి. ఫిట్స్, అలర్జీ, వాడే మందులు ఏవున్నా ఫారంలో దాచకుండా రాయండి. రాస్తే పంపరేమో అని దాచే తల్లిదండ్రులున్నారు. వాళ్ల బాధ అర్థమవుతుంది, కానీ కొండమీద ఆ సమాచారమే వైద్యం. అమ్మాయిల జట్టు వెంట లేడీ టీచర్ తప్పనిసరిగా ఉండాలి. నెలసరి తేదీ కాకపోయినా ప్యాడ్లు ప్రతి అమ్మాయి బ్యాగులోనూ ఉండాలి, నడక అలసటకు తేదీలు మారుతుంటాయి.

నగరం పక్కనే కదా అని కంబాలకొండను తేలిగ్గా తీసుకోకండి, అక్కడ చిరుతలున్నాయి. అటవీ శాఖ అనుమతి లేకుండా ఏ అడవిలోకీ పిల్లల్ని తీసుకెళ్లకూడదు. గిరిజన గూడేల్లో ఊరి పెద్దల్ని అడిగాకే టెంటు వేయాలి, అడగకుండా ఎవరి ఫోటో తీయకూడదు. తేనెపట్టు కనిపిస్తే కేకలు, పొగ, సెంటు ఏవీ వద్దు.

సేవ విభాగం కింద బీచ్ క్లీనింగ్ ఎంచుకునే పిల్లలు మన విశాఖలో సహజంగానే ఎక్కువ. మందపాటి గ్లవ్స్, బూట్లు ఉండాలి, సిరంజిలు, గాజు పెంకులు కనిపిస్తే పెద్దవాళ్లను పిలవాలి. పనయ్యాక కాళ్లు తడుపుకుందామని ఆర్కే బీచ్‌లోనో యారాడలోనో లోపలికి దిగనివ్వకండి, ఆ అలల లాగుడు ఈత వచ్చినవాళ్లనీ వదలదు.

తిరిగొచ్చాక మూడు నాలుగు వారాలు పిల్లల్ని గమనిస్తూ ఉండండి. జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే పారాసిటమాల్‌తో సరిపెట్టకుండా ‘ఏజెన్సీలో క్యాంపుకి వెళ్లొచ్చాడు’ అని డాక్టరుకు చెప్పండి. అప్పుడే మలేరియా, స్క్రబ్ టైఫస్ (పొదల్లోని చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) పరీక్షలు రాయాలన్న ఆలోచన ఆయనకు వస్తుంది. చంకల్లో, నడుం దగ్గర, గజ్జల్లో ఆ పురుగు కుట్టిన చోట కట్టే నల్లటి పెచ్చు ఏదైనా ఉందేమో చూడండి. అది నొప్పి పెట్టదు, దురద పెట్టదు, పిల్లలు గమనించరు. కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.