సూర్యకాంతితో నైట్రేట్ నుంచి అమ్మోనియా: కరెంటు వస్తున్నా ఫలితం రానప్పుడు

పి-రకం సిలికాన్ (ధన ఆవేశ వాహకాలు ఎక్కువగా ఉండే అర్ధవాహకం) మీద లోహ ఉత్ప్రేరకాన్ని పూసిన ఫొటోకాథోడ్‌తో, అంటే వెలుతురు పడితే ద్రావణానికి ఎలక్ట్రాన్లను అందించే ఎలక్ట్రోడ్‌తో, నైట్రేట్‌ను అమ్మోనియాగా మార్చే ప్రయోగశాల పనిలో తరచుగా ఎదురయ్యే ఇబ్బందులివి. ఏ లోపం కనిపించినా ముందు కొలతను అనుమానించి, ఆ తరువాతే ఎలక్ట్రోడ్ జోలికి వెళ్లడం మంచిది.

సమస్య: వెలుతురు పడగానే కరెంటు వస్తోంది, అమ్మోనియా మాత్రం దాదాపు లేదు.

మొదట లెక్క వేసుకోవాలి. ఒక నైట్రేట్ అయాన్ అమ్మోనియాగా మారడానికి 8 ఎలక్ట్రాన్లు కావాలి కనుక, 1 మిల్లీఆంపియర్ కరెంటు గంటసేపు నడిచి ఒక్క ఎలక్ట్రాన్ కూడా వృథా కాకపోయినా వచ్చేది సుమారు 79 మైక్రోగ్రాములే; 30 మిల్లీలీటర్ల ద్రావణంలో అది లీటరుకు 2.6 మిల్లీగ్రాములు. అందులోనూ చాలా తక్కువ వస్తుంటే ఎలక్ట్రోడ్‌ను గమనించాలి. బుడగలు లేస్తుంటే ఎలక్ట్రాన్లు హైడ్రోజన్‌కు పోతున్నాయని అనుమానించవచ్చు. ద్రావణాన్ని వేగంగా కలియబెట్టినప్పుడు అమ్మోనియా పెరిగితే నైట్రేట్ ఉపరితలానికి సరిగా అందడం లేదని తేలుతుంది. పెరగకపోతే ఋణ వోల్టేజిని కొంత తగ్గించి చూడాలి. బుడగలు లేకుంటే చర్య 2 ఎలక్ట్రాన్లతోనే ఆగి, మధ్య దశలో ఏర్పడే నైట్రైట్ పోగవుతూ ఉండవచ్చు. ఒంటరి రాగి మీద ఇది తరచుగా కనిపిస్తుంది కాబట్టి నైట్రైట్‌ను విడిగా కొలిచి, రాగికి కోబాల్ట్ వంటి లోహాన్ని జోడించి చూడాలి.

అమ్మోనియా తయారై చేజారిపోవడం కూడా ఉంది. పీహెచ్ 9.25 దాటితే ఎక్కువ భాగం అమ్మోనియా అణువుగానే ఉంటుంది. ఆర్గాన్ వాయువును పంపుతుంటే దానితోపాటు బయటికి పోతుంది. వెలుపలికి వచ్చే వాయువును సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం గుండా పంపి, అందులో చిక్కిన అమ్మోనియాను, పాత్రను రెండు గదులుగా విడదీసే పొరకు అవతలి గదిలోకి చేరినదాన్ని కూడా లెక్కలో కలపాలి.

సమస్య: నైట్రేట్ వేయకపోయినా అమ్మోనియా కనిపిస్తోంది.

గాజు పాత్రలు, పాత పొరలు, గదిలోని గాలి కూడా దీనికి కారణం కావచ్చు. నైట్రేట్ లేకుండా వెలుతురులో ఒకసారి, నైట్రేట్‌తో చీకటిలో ఒకసారి ఖాళీ పరీక్ష (పోల్చి చూసుకునే బ్లాంక్ పరీక్ష) చేయనిదే ఏ అంకెనూ నమ్మకూడదు. నైట్రోజన్-15 (మామూలు నైట్రోజన్-14 కన్నా బరువైన ఐసోటోపు) ఉన్న నైట్రేట్ వాడితే ప్రోటాన్ ఎన్ఎంఆర్‌లో (హైడ్రోజన్ కేంద్రకాల సంకేతాన్ని అయస్కాంత క్షేత్రంలో చూసే పరీక్షలో) సుమారు 73 హెర్ట్జ్ ఎడంతో జంట గీతలు రావాలి. మూడు గీతలే వస్తే ఆ అమ్మోనియా ఆ నైట్రేట్ నుంచి వచ్చింది కాదు. అమ్మోనియాను రంగు గాఢతతో కొలిచే ఇండోఫినాల్ నీలి రంగు పద్ధతిలో కరిగిన రాగి, మిగిలిన ఆమ్లం రంగును మార్చేస్తాయి కనుక ప్రామాణిక గీతను (తెలిసిన గాఢతలకు వచ్చే రంగుతో గీసే రేఖను) అదే ద్రావణంలో చేసిన కొలతలతో గీయాలి.

సమస్య: చీకటిలోనే కరెంటు ఎక్కువగా ఉంది.

సిలికాన్ వెనుక ఉన్న లోహ సంధానానికి ద్రావణం తగులుతూ ఉండవచ్చు. అంచులకు ఎపాక్సీ జిగురును మళ్లీ పూయాలి.

సమస్య: గంటలు గడిచేకొద్దీ కరెంటు పడిపోతోంది.

సిలికాన్ ఉపరితలం ఆక్సైడ్‌గా మారడం ఒక కారణం. పలుచటి టైటానియం డయాక్సైడ్ పొర దాన్ని కాపాడుతుంది. బావి నీటితో పనిచేస్తే మరో చిక్కు ఉంది. చర్యలో ఉపరితలం దగ్గర క్షారత పెరిగి కాల్షియం, మెగ్నీషియం తెల్లటి పెచ్చుగా పేరుకుంటాయి. ఆమ్లంతో కడిగితే ఉత్ప్రేరకమూ కరిగిపోవచ్చు, అందుకే నీటిని ముందే అయాన్ మార్పిడితో మృదువుగా చేసుకోవడం మేలు. పైగా మన తాగునీటి పరిమితి అయిన లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్ అంటే 0.73 మిల్లీమోలార్ మాత్రమే. ప్రయోగశాలలో వాడే 0.1 మోలార్ ద్రావణానికి 100 రెట్లకు పైగా తక్కువ. అక్కడ వచ్చిన సామర్థ్యాన్ని ఇక్కడికి మోసుకురాకుండా, అసలు నీటిలోనే మళ్లీ కొలవాలి.