స్టేషనరీ బోర్డులో ‘ఏ’ పెట్టాలా, ‘ఈ’ పెట్టాలా?

నరసరావుపేటలో ఫ్లెక్స్ డిజైనింగ్ చేస్తుంటాను. జూన్‌లో బడులు తెరిచే ముందు పుస్తకాల షాపుల బోర్డులు వరసపెట్టి వస్తాయి. ఒకసారి ఆ హడావుడిలో ఎనిమిదడుగుల బోర్డు మీద ‘జనరల్ స్టోర్స్ అండ్ స్టేషనరీ’ అని ఇంగ్లీషులో కొట్టి పంపేశాను. మూడో రోజు షాపాయన ఫోన్ చేశాడు. పెన్నులు కొనడానికొచ్చిన ఇంగ్లీషు మాస్టారు బోర్డు చూసి, “ఏమయ్యా, నీ కొట్టు ఇక్కణ్ణుంచి కదలదని రాయించావా?” అన్నారట.

ఇంగ్లీషులో ఇలా పలికే మాటలు రెండున్నాయి, తెలుగులో రాస్తే రెండూ స్టేషనరీయే. ఇంగ్లీషులో మాత్రం చివర ‘ఏ ఆర్ వై’ వస్తే కదలకుండా ఉన్నది అని అర్థం. ‘ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు’ అని పేపర్లో చదువుతాం కదా, ఆ లారీ ‘ఏ’ స్టేషనరీ. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్నా మనకు ఒకేచోట ఉన్నట్టుండే భూస్థిర ఉపగ్రహాల పేరులోనూ ఆ ‘ఏ’నే. కాగితాలు, కవర్లు, పెన్నులు అయితే ‘ఈ ఆర్ వై’.

ఎన్వలప్ ‘ఈ’తో మొదలవుతుంది కాబట్టి అలా గుర్తుపెట్టుకోమంటారు. నాకది నిలవలేదు. నేను వాడేది వేరు: బేకర్ నడిపేది బేకరీ, గ్రోసర్ నడిపేది గ్రోసరీ, స్టేషనర్ నడిపేది స్టేషనరీ. మూడిటికీ చివర ‘ఈ ఆర్ వై’నే. డిస్పెన్సరీ మాత్రం ‘ఏ ఆర్ వై’. ఆ బోర్డుకు ఈ లెక్క వాడకండి.

అసలు తమాషా ఏంటంటే, ఈ రెండు మాటలూ ఒకే వేరు నుంచి వచ్చాయి. మధ్యయుగపు ఐరోపాలో ఊరూరా తిరిగి అమ్మేవాళ్లలా కాకుండా, ఒకేచోట కొట్టు పెట్టుకుని పుస్తకాలు అమ్మేవాళ్లను స్టేషనర్లు అనేవారు. లండన్‌లో వాళ్ల సంఘం 1403లోనే ఏర్పడింది. అంటే కదలని కొట్టే స్టేషనరీ కొట్టు! ఈ సంగతి నాకు అప్పుడే తెలిసుంటే మాస్టారికి జవాబు చెప్పేవాణ్ణి.

కంప్యూటర్ ఎర్ర గీత పెడుతుందిలే అనుకోకండి. రెండూ సరైన మాటలే కాబట్టి చాలాసార్లు ఊరుకుంటుంది. అందుకే ప్రింటుకు పంపే ముందు ఆ ఒక్క మాటనే వెనక నుంచి చదువుతాను: వై, ఆర్, ఈ. ఇంకోటి, కొందరు చివర ‘ఎస్’ తగిలించి ‘స్టేషనరీస్’ అని రాయమంటారు. అది అక్కర్లేదు. బియ్యానికి బహువచనం ఎలా ఉండదో దీనికీ అంతే.

ఆ బోర్డు సంగతంటారా? మళ్లీ ప్రింటు తీయాలంటే ఖర్చు నా నెత్తినే. ఎర్ర వినైల్ స్టిక్కర్‌లో ‘ఈ’ కత్తిరించి, నిచ్చెనేసుకుని ‘ఏ’ మీద అంటించాను. ‘ఏ’ కాళ్లు చాపుకుని ఉంటుంది కదా, కింద రెండు పక్కలా కొనలు బయటికొచ్చాయి, ‘ఈ’ గీతల మధ్య సందుల్లోంచి కూడా అది కనబడింది. వెనక ఉన్న పసుపు రంగులోనే చిన్న ముక్కలు కోసి వాటన్నిటినీ కప్పాను. ఎండకు ఫ్లెక్స్ వెలిసింది గానీ స్టిక్కర్లు వెలవలేదు. ఇప్పుడు రోడ్డవతలి నుంచి చూసినా ఆ ‘ఈ’ ఒక్కటే కొట్టొచ్చినట్టు కనబడుతుంది.